కోటలో దారి తప్పిన భటుడు

ఒక రాజు తన కోటలో ఏ గదిలో ఏమున్నదో రాసుకు రమ్మని ఒక భటుణ్ణి పంపాడనుకోండి. గదుల్లో సామాన్లతోబాటు లోపలి గదులూ, వాటిలో మళ్ళీ గదులూ ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. అయినా ఒక్క ఆజ్ఞ చాలు: "గదిలో ఉన్నవన్నీ రాయి. లోపల ఇంకో గది కనిపిస్తే అందులోకి పోయి ఈ పనే చెయ్యి. అది కాగానే విడిచిన చోటికి వచ్చి మిగిలినవి రాయి."

కంప్యూటరులో ఫైళ్ళుండే డైరెక్టరీలు ఇలాంటి గదులే. వాటి జాబితా కోసం సీ భాషలో రాసే ఫంక్షను, కొత్త డైరెక్టరీ కనిపించినప్పుడల్లా తనను తానే పిలుచుకుంటుంది. దీనికే రికర్షన్ అని పేరు. తలుపు తెరవటానికి ఓపెన్‌డిర్, ఒక్కొక్క పేరే చదవటానికి రీడ్‌డిర్, తలుపు మూయటానికి క్లోజ్‌డిర్ ఉన్నాయి.

చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి. యూనిక్స్, లినక్స్‌లలో ప్రతి డైరెక్టరీలోనూ మనం పెట్టని పేర్లు రెండుంటాయి. ఒకటి ఉత్త చుక్క. అంటే "ఈ గదే". రెండవది రెండు చుక్కలు. అంటే "దీని పైగది". మన భటుడు వట్టి అమాయకుడు. చుక్క అని రాసి ఉన్న తలుపు తీసుకుని వెళ్ళి, తానున్న గదిలోకే వచ్చి పడతాడు. అది కొత్త గది అనుకుని మళ్ళీ చుక్క తలుపు తీస్తాడు!

ఇలా ఎంతసేపు? లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెరిచి ఉంచగలిగినవి మామూలుగా 1024. వాటిలో మూడు మొదటే తెరిచి ఉంటాయి. మిగిలిన 1021 తలుపులూ ఈ వెర్రి తిరుగుడుకే ఖర్చయిపోగా, 1022 వ సారి ఓపెన్‌డిర్ విఫలమవుతుంది. ఆ సంగతి చూసుకోని ప్రోగ్రామైతే అక్కడే కూలిపోతుంది. కనక పేరు చదవగానే స్ట్రెకంప్‌తో పోల్చి, ఆ రెండింటినీ వదిలెయ్యాలి. క్లోజ్‌డిర్ మరిచినా ఇదే గతి పట్టవచ్చు, కాస్త ఆలస్యంగా.

ఇంకొక మాయతలుపు కూడా ఉన్నది. దాని పేరు సింబాలిక్ లింకు. అది గది కాదు, "ఫలానా చోటికి పో" అని రాసిన పలక. అది కోట సింహద్వారాన్నే చూపిస్తే భటుడు మళ్ళీ మొదటికి వస్తాడు. ఎల్‌స్టాట్‌ను అడిగితే "ఇది పలక" అని నిజం చెబుతుంది. స్టాట్‌ను అడిగితే మాత్రం, పలక చూపిన గదిని చూసివచ్చి, "గదే" అంటుంది.