టేపులో దాగిన రెండో గొంతు

హాడో రేవులో విశాఖపట్నం ఓడ ఆగింది. బంధువులు దిగుతుండగా ఎవరో కామ్‌కార్డర్‌తో ఆ దృశ్యం తీశారు. తరువాత ఇంట్లో టేపు వేసి చూస్తూ, ఎవరు ఏమవుతారో మామ్మ వరసలు కలిపి చెప్పింది. ఆమె మాటలను అదే టేపు మీద "ఆడియో డబ్" పద్ధతిలో చేర్చారు. ఇలాంటి టేపు మీ ఇంట్లో ఉందనుకోండి. దాన్ని ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఓడ కూత వినిపిస్తుంది, జనం సందడి వినిపిస్తుంది. మామ్మ గొంతు మాత్రం వినిపించదు!

ఆ గొంతు చెరిగిపోయిందా? సాధారణంగా కాదు. అది టేపు మీదే ఉంటుంది. కంప్యూటర్ దాన్ని తీసుకోలేదు, అంతే. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. సముద్రానికి ఇటూ అటూ బంధువులున్న ఇళ్లలో ఇలాంటి టేపులకు విలువ ఎక్కువ. కనుక ఈ సంగతి కాస్త వివరంగా తెలుసుకుందాం.

రెండు శబ్దాలు ఎలా ఇముడుతాయి?

1995లో వచ్చిన మినీ డీవీ టేపు శబ్దాన్ని అంకెల రూపంలో దాస్తుంది. ఇందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలో సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తుంది. ఇలా రెండు ఛానళ్లు. రెండో పద్ధతిలో సెకనుకు 32,000 కొలతలు, ఒక్కోటి 12 బిట్లు, నాలుగు ఛానళ్లు. గుణించి చూడండి: రెండింటికీ సెకనుకు 15,36,000 బిట్లే! అంటే నాణ్యత కొంత తగ్గించుకుంటే, అంతే చోటులో మరో జత ఛానళ్లు పడతాయి.

మొదటి జతలో చిత్రీకరణ నాటి శబ్దం ఉంటుంది. రెండో జత ఖాళీ. డబ్బింగ్ చేసిన మాట అందులోకి వెళుతుంది. టేపు మీద బొమ్మకు, శబ్దానికి వేర్వేరు చోట్లు ఉండటం వల్ల బొమ్మ చెడదు. 16 బిట్ల పద్ధతిలో తీసిన టేపులో రెండో జత ఉండదు కాబట్టి ఇలా డబ్బింగ్ చేయడం కుదరదు.

చాలా సాఫ్ట్‌వేర్లు మొదటి జతనే తీసుకుని ఊరుకుంటాయి. మామ్మ గొంతు "మాయం" కావడానికి కారణం ఇదే.

ఎలా రాబట్టాలి?

ముందుగా టేపు అంచున ఉన్న చిన్న మీటను "సేవ్" వైపు జరపండి. ఇక పొరపాటున చెరిగే భయం లేదు. టేపును కామ్‌కార్డర్‌లోనే వేసి, మెనూలో "ఆడియో మిక్స్"ను ఎస్‌టీ1 నుంచి ఎస్‌టీ2 వైపు జరిపి వినండి. మాట వినిపిస్తే సగం పని అయినట్లే.

ఫైర్‌వైర్ తీగ, దానికి తగిన పోర్టు ఉంటే టేపును మార్పులేని డీవీ ఫైలుగా ఎక్కించండి. గంట టేపుకు గంట సమయం, దాదాపు 13 గిగాబైట్ల చోటు కావాలి. ఈ ఫైల్లో నాలుగు ఛానళ్లూ భద్రంగా ఉంటాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండో జతను విడిగా తీసి ఇస్తుంది. ఒక మాట గుర్తుంచుకోండి: "ఆడియో మిక్స్" అమరిక ఫైర్‌వైర్ మీద పనిచేయదు.

ఫైర్‌వైర్ లేకపోతే? కామ్‌కార్డర్‌ను ఎస్‌టీ2లో పెట్టి, ఏవీ తీగలోని ఎరుపు, తెలుపు పిన్నులను కంప్యూటర్ "లైన్ ఇన్"కు కలిపి, ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేయండి. తరువాత బొమ్మకు జతచేసేటప్పుడు మొదట్లోనూ చివర్లోనూ మాట సరిపోయిందో లేదో చూడండి.

వీహెచ్ఎస్ టేపుల కథ వేరు. వాటిలో డబ్బింగ్ మాట టేపు అంచున ఉండే సాధారణ ట్రాక్ మీద, అక్కడి పాత శబ్దాన్ని చెరిపి కూర్చుంటుంది. హై-ఫై వీసీఆర్ అయితే శబ్దాన్ని "నార్మల్"కు మార్చి వినండి.

తేమతో జాగ్రత్త

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంత తేమలో టేపుకు బూజు పట్టడం వింత కాదు. చుట్ట అంచున తెల్లటి మచ్చలు కనిపిస్తే ఆ టేపును ఆడించకండి. బూజు హెడ్‌లకు అంటుకుని మిగతా టేపులకూ పాకుతుంది. ముందు శుభ్రం చేయించాలి. ఏసీ గదిలోంచి ఉక్క గదిలోకి తెచ్చిన కామ్‌కార్డర్‌ను గంటసేపు ఆగి వాడండి. లేకుంటే లోపల పట్టిన నీటి చెమ్మకు టేపు అతుక్కుపోతుంది.

పని పూర్తయ్యాక రెండు శబ్దాలనూ కలిపేయకుండా వేర్వేరు ఫైళ్లుగా దాచండి. వాటిని మరో డిస్క్‌లోకీ కాపీ చేయండి. కంప్యూటర్‌లోకి ఎక్కింది కదా అని టేపును పారేయకండి. రెండో జత కూడా వచ్చిందో లేదో చెవులారా విన్నాకే ఆ సంగతి ఆలోచించండి.