గుండె ఆపరేషన్ తర్వాత షుగర్ పెరిగితే కిడ్నీలకు ముప్పు.. అరటిపండు, కొబ్బరినీళ్లు ఇచ్చే ముందు ఇది తెలుసుకోండి!

రావులపాలెం అంటే అరటి మార్కెట్. కోనసీమ అంటే కొబ్బరి. ఇక్కడ పేషెంట్‌ను చూడ్డానికి వెళ్లేవారి చేతిలో ఎక్కువగా ఉండేవి ఇవే. కానీ బైపాస్ లాంటి ఆపరేషన్ అయినవారికి డాక్టర్‌ని అడగకుండా ఇవి ఇవ్వకూడదు. కారణం.. షుగర్, కిడ్నీలు.

షుగర్ ఎందుకు పెరుగుతుంది?

పెద్ద ఆపరేషన్ జరిగితే శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. దీంతో లివర్ నుంచి గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకే అంతకుముందు షుగర్ లేనివాళ్లలోనూ రీడింగ్ పెరగొచ్చు.

కిడ్నీలకు ఏమవుతుంది?

హార్ట్-లంగ్ మెషిన్‌పై ఆపరేషన్ చేసేటప్పుడు కిడ్నీలకు రక్తసరఫరా తగ్గొచ్చు. అలా అలసిన కిడ్నీలపై హై షుగర్ మరింత భారం వేస్తుంది. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగినా కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క. మూత్రం తగ్గడం మరో గుర్తు. 60 కిలోల మనిషికి వరుసగా 6 గంటలు, గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తే ప్రమాద ఘంటికే. ఐసీయూలో మూత్రం కొలిచేది అందుకే.

మరీ తగ్గించినా డేంజరే

షుగర్‌ను 80-110 మధ్య ఉంచితే మరణాలు తగ్గాయని 2001లో బెల్జియం అధ్యయనం చెప్పింది. కానీ 2009లో 6 వేల మందికి పైగా ఐసీయూ పేషెంట్లపై చేసిన నైస్-షుగర్ పరిశోధనలో సీన్ మారింది. అంత గట్టిగా కంట్రోల్ చేసిన వారిలో 27.5 శాతం మంది, 180 లోపు ఉంచిన వారిలో 24.9 శాతం మంది చనిపోయారు. అందుకే ఇప్పుడు చాలావరకు 180 దాటకుండా, 70 కంటే పడిపోకుండా చూస్తారు.

అరటిపండుతో ఇబ్బందేంటి?

అరటిపండులో చక్కెరతో పాటు పొటాషియం ఎక్కువ. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగుంటే అది మూత్రంలో పోతుంది. దెబ్బతింటే రక్తంలో పేరుకుని గుండె లయ తప్పొచ్చు. రిపోర్టులు నార్మల్‌గా ఉంటే ఎంత తినొచ్చో డాక్టరే చెబుతారు.

ఇంటికి వచ్చాక..

* ఇన్సులిన్, షుగర్ మాత్రలు సొంతంగా మార్చొద్దు, ఆపొద్దు.
* నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. కొన్ని కిడ్నీలను దెబ్బతీస్తాయి.
* మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.
* చెమటలు, వణుకు వస్తే షుగర్ పడిపోయిందేమో చెక్ చేయాలి.
* చెప్పిన తేదీకి క్రియాటినిన్ టెస్ట్ తప్పక చేయించాలి.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. మీ డాక్టర్ సలహానే పాటించండి.