మాత్రల చలువా, రక్తమహిమయా?

గాంధీ ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. మందులిచ్చు ఎ.ఆర్.టి. కేంద్రమున నెలనెల మాత్రలు పుచ్చుకొని, వైరల్ లోడ్ కాగితముపై ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని చూచుకొని సంతసించువానితో, “నీ రక్తమునకే ఆ శక్తి యున్నదోయీ, ఇక మందులెందుకు?” అని బోధించు ఉచిత సలహాదారులకు సికింద్రాబాదున కొదువ లేదు. మందు లేకయే హెచ్.ఐ.వి.ని అణచియుంచు దేహములు కలవన్న శాస్త్రవార్త వీరి నోటబడి యీ గతి పట్టినది. అట్టివారు కలరు, కాని నూటికొక్కరైనను లేరు. మాత్రలు మ్రింగుచుండగా వైరస్ కనబడకుండుట మాత్రల చలువ. ఆ రెంటిని ఒకే గాటన కట్టి మందు మానిపించినచో, దాగియున్న వైరస్ సాధారణముగా కొన్ని వారములకే తలయెత్తును.

పోనీ, ఆ అదృష్టవంతుల యందైనను వైరస్ చేతులు ముడుచుకొని కూర్చున్నదా? హెచ్.ఎల్.ఏ-బి57 అను జన్యురూపము గలవారి టి-కణములు, వైరస్ కవచమునకు మూలమగు గ్యాగ్ ప్రోటీనులోని యొక తునకను ఆనవాలు పట్టి, వైరస్ సోకిన కణమును చంపును. వైరసు ఆ ఆనవాలును చెఱిపివేయుటకై 242వ స్థానమందలి త్రియోనిన్‌ను ఆస్పరాజిన్‌గా మార్చుకొనును. అయితే ఆ స్థానము కవచమునకు ఆయువుపట్టగుటచే, మార్పు చెందిన వైరస్ మునుపటి వేగముతో వృద్ధి పొందజాలదు. అది తప్పించుకొనుటకు చెల్లించు మూల్యమే రోగికి రక్షణ. బి57 గలవారిలో పెక్కుమందికి ఈ భాగ్యమును లేదు. ఉన్నవారిలో కొందఱికి ఏండ్లు గడచిన పిదప అదుపు తప్పినది.

వారికి సోకినది నీరసపు వైరస్ అను మాటలో కొంత నిజము కలదని, మనసొప్పకున్నను, అంగీకరింపవలెను. సిడ్నీలో ఒకే దాత రక్తము నెక్కించుకొన్నవారి యందు నెఫ్ జన్యువు దెబ్బతిన్న వైరస్ యున్నట్లు 1995లో వెల్లడియైనది; వారు చిరకాలము మందు లేకయే యుండిరి. తరువాత వారిలోను కొందఱికి రోగనిరోధకమగు సి.డి.4 కణములు క్షీణించినవి. మందు లేకయే వైరస్‌ను అదుపున నుంచు ఇతరులు కొందఱి నుండి పూర్తి బలము గల వైరస్‌నే వెలికితీసిరి.

ఇక హెచ్.ఐ.వి. దోమకాటుతో సోకునను మఱియొక అపోహకు, రాస్ దొర 1897లో దోమ కడుపున మలేరియాక్రిమిని కనుగొన్న యీ యూరిలోనా సమాధానము చెప్పవలసినది? ఈ వైరస్ దోమ కడుపున జీర్ణమైపోవును. సహపంక్తి భోజనము వలనను సోకదు.

2017 నుండి మన దేశమున సి.డి.4 లెక్కతో నిమిత్తము లేకయే చికిత్స లభించుచున్నది గనుక, సహజముగా అదుపున్నదని తేలినవాడును వైద్యుని పర్యవేక్షణ విడువరాదు. మాత్రలు పడకున్న వేఱు మాత్రలు కలవు, అడుగుడు. దసరాకు స్వగ్రామము పోవువారు ఆ దినములకు చాలు మాత్రలను ముందుగనే తీసికొని పొండు.