బస్తరు అడవిలో మూతపడిన బడి

ఒక ప్రాంతమున సాయుధ పోరాటము చెలరేగినపుడు మనము ముందుగా మృతుల సంఖ్యను అడుగుదుము. అది సహజమే. కాని ఆ లెక్కకు అందని నష్టము మరియొకటి గలదు. అది బడి మూతపడుటవలన కలుగు నష్టము. దానిని గ్రహించుటకు మన పొరుగుననున్న దక్షిణ బస్తరును చూచిన చాలును.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని దంతెవాడ, బీజాపూరు, సుక్మా జిల్లాలే ఈ అరణ్యసీమ. ఇచటి ప్రజలలో అధికులు గోండీ, దోర్లీ మొదలగు భాషలాడు ఆదివాసులు. 1980 ప్రాంతమున తెలంగాణమునుండి నక్సలైటు దళములు ఇచట అడుగిడినవి. 2005లో వారికి ప్రతిగా సల్వా జుడుం అను ఉద్యమము లేచినది. గ్రామములు దగ్ధమైనవి. కొందరు రహదారి ప్రక్క శిబిరములకు చేరిరి. కొందరు సరిహద్దు దాటి భద్రాచలము అడవులకు వచ్చిరి.

పల్లెలో బడియే తరచుగా ఏకైక పక్కా కట్టడము. అందుచేత భద్రతాదళములు అందు విడిది చేసినవి. అందుచేతనే మావోయిస్టులు దానిని కూల్చిరి. బడులను దళములు ఖాళీ చేయవలెనని 2011లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశింపవలసి వచ్చినది. ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధములిచ్చుట రాజ్యాంగవిరుద్ధమని ఆ యేడే తీర్పు చెప్పినది. ఆ నియామకములలో ఐదవ తరగతి చదివినవారికి ప్రాధాన్య మొసగిరట! కొద్దిపాటి చదువు కలమును గాక తుపాకిని చేతికిచ్చినది.

బడికిని ప్రాంతాభివృద్ధికిని గల సంబంధ మిచటనే తెలియును. బైలాదిల్లా ఇనుపరాయి 1960వ దశాబ్దినుండి రైలుపై విశాఖపట్టణము చేరుచున్నది. గనికి యంత్రములను బయటినుండి తేవచ్చును. కాని గోండీ తెలిసిన ఉపాధ్యాయుని, మంత్రసానితనము నేర్చిన నర్సును, లెక్కలు వ్రాయగల పంచాయతీ కార్యదర్శిని ఆ నేలయే కనవలెను. బడి పదేండ్లు మూతపడినచో పదునైదేండ్ల తరువాత అట్టివారు లభింపరు. పరదేశపు ఉపాధ్యాయుడు వచ్చును, భాష తెలియక, భయము తీరక మరలిపోవును. బడి మరల మూతపడును.

ప్రభుత్వము వెదురుతో ఆశ్రమపాఠశాలలను నిర్మించినది. అవి వేలకొలది బాలలకు అన్నమును, అక్షరమును ఇచ్చినవి. కాని ఆరేండ్ల బిడ్డ తల్లికి దూరమైనది. మన వైపునకు వలసవచ్చినవారి బిడ్డలకు వేరొక చిక్కు: ఇంట గోండి, విడిచివచ్చిన బడిలో హిందీ, ఇచట తెలుగు, అక్షరము మొదటినుండి దిద్దవలెను.

ఇటీవల అచట మూతపడిన బడులు కొన్ని మరల తెరచుకొన్నవి. కూలిన గోడలను ఒక యేడాదిలో లేపవచ్చును. గడచిపోయిన బాల్యమును లేపజాలము. కావున ఏ పక్షమువారైనను, ఏ కారణముననైనను, బడిలోనికి ఆయుధముతో ప్రవేశింపరాదనుటయే అభివృద్ధికి మొదటి మెట్టు.