పడినవాణ్ణి లేవనెత్తని ఆట

మన పల్లెల్లో కుస్తీ పోటీ చూసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. వీపు నేలకు తగిలిందంటే పోటీ ముగిసినట్టే. గెలిచినవాడు ఓడినవానికి చెయ్యందించి లేపుతాడు. చుట్టూ ఉన్నవారు ఇద్దరినీ మెచ్చుకుంటారు. పోరు ఎంత గట్టిగా సాగినా దానికొక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే పెద్దలు ఊరుకోరు.

1992లో అమెరికాలోని షికాగో నగరానికి చెందిన మిడ్‌వే సంస్థ విడుదల చేసిన ఒక వీడియో ఆట సరిగ్గా ఈ హద్దునే చెరిపివేసింది. దాని పేరు మోర్టల్ కాంబాట్. చావో బ్రతుకో తేల్చే పోరు అని అర్థం చెప్పుకోవచ్చు. 2009లో మిడ్‌వే దివాలా తీసినా ఆట ఆగలేదు. వార్నర్ సంస్థ దాన్ని కొనుక్కుంది. అది సెల్‌ఫోన్లకూ వచ్చింది. 2023లో ఇంకొక కొత్త భాగం వెలువడింది. ముప్పై ఏళ్లు దాటినా చావని ఆటలో ఏదో ఆకర్షణ ఉండే ఉండాలి. "రక్తం ఉంది కనుక చెడ్డది" అని ఒక్క మాటతో తోసివేస్తే మన పిల్లలు వినరు. అది ఎందుకు లాగుతుందో, ఎక్కడ తప్పుతుందో రెండూ తెలిసిన తల్లిదండ్రుల మాటకే విలువ ఉంటుంది.

నాణెం మింగే పెట్టె

ఈ ఆట మొదట ఇళ్లలోకి రాలేదు. మనిషి ఎత్తు పెట్టెలో ఒక టీవీ తెర, దాని కింద ఆడే ఒక్కొక్కరికి ఒక పిడి, అయిదు మీటలు ఉండేవి. పైకి గుద్దడానికి ఒకటి, కిందికి గుద్దడానికి ఒకటి, పైకి తన్నడానికి, కిందికి తన్నడానికి ఒక్కొక్కటి, దెబ్బ కాచుకోవడానికి ఇంకొకటి. నాణెం వేస్తే ఆట మొదలు. మూడు పట్లలో రెండు గెలిచినవాడిదే గెలుపు. ఓడినవాడు మళ్లీ నాణెం వెయ్యాలి. ఆలోచించుకోనివ్వకుండా తెర మీద అంకెలు తగ్గుతూ తొందరపెడతాయి.

1990లలో మన పట్టణాల్లోనూ చిల్లర తీసుకుని పిల్లలతో వీడియో ఆటలు ఆడించే దుకాణాలు వెలిశాయి. ఎక్కడైనా లెక్క ఒక్కటే. ఆట త్వరగా ముగియాలి, ఓడినవానికి మళ్లీ ఆడాలనిపించాలి. పెట్టె సంపాదించేది పిల్లవాని గెలుపు వల్ల కాదు, అతని పట్టుదల వల్ల.

ఎందుకింత ఆకర్షణ?

మొదటి కారణం, అందులోని మనుషులు నిజం మనుషుల్లా కనిపించడం. అప్పటి పోరాట ఆటల్లో ఎక్కువగా చేత్తో గీసిన బొమ్మలే ఉండేవి. ఇక్కడ నటుల చేత పోట్లాట విద్యలు చేయించి, వీడియో తీసి, ఆ రూపాలనే ఆటలోకి ఎక్కించారు. ఈ పని చేసింది పెద్ద బృందమేమీ కాదు. ఎడ్ బూన్ ప్రోగ్రామ్ వ్రాశాడు, జాన్ టోబయస్ పాత్రలను, కథను రూపొందించాడు, ఇంకొకరు వెనుక దృశ్యాలు గీశారు, మరొకరు ధ్వనులు సమకూర్చారు. నాలుగు చేతుల గోరో అనే రాక్షసుని కోసం బొమ్మ చేసి, దాన్ని కొద్దికొద్దిగా కదిలిస్తూ ఫోటోలు తీశారు. వారి నేర్పును కాదనడానికి లేదు.

రెండవది రహస్యం. ఆటలోని కొన్ని దెబ్బలు ఏ మీటలు ఏ వరుసలో నొక్కితే వస్తాయో పెట్టె మీద వ్రాసి ఉండదు. ఒకడు కనిపెట్టి మరొకని చెవిలో చెప్పాలి. రెప్టైల్ అనే ఒక యోధుడు ఆటలోనే దాగి ఉంటాడు. ఎన్నో షరతులు నెరవేరితే తప్ప ఎదురుపడడు. ఆ గుట్టు తెలిసిన పిల్లవానికి తోటివారిలో ఎంత పేరు!

మూడవది తోడు. ఇద్దరు పక్కపక్కనే నిలబడి ఆడతారు, వెనుక పదిమంది గుమిగూడి చూస్తారు. తోడు, రహస్యం, తోటివారి మెప్పు. ఈ మూడూ కోరని పిల్లవాడు ఏ ఊళ్లో ఉన్నాడు? కనుక ఈ ఆటను ఇష్టపడే ప్రతి పిల్లవాడూ క్రూరుడని అనుకోవడం పొరపాటు.

ఆటగా చూసినా లోటే

అంతకు ఏడాది ముందు, 1991లో, జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ స్ట్రీట్ ఫైటర్ 2 అనే పోరాట ఆటను తెచ్చింది. అందులో దాదాపు ఒక్కొక్క యోధునిది ఒక్కొక్క తీరు. ఒకని పోరు నేర్చుకున్నంత మాత్రాన సాధారణంగా ఇంకొకనిది రాదు. మోర్టల్ కాంబాట్ మొదటి భాగంలో మనం ఎన్నుకోవడానికి ఏడుగురు యోధులున్నారు. కాని మామూలు గుద్దులు, తన్నులు అందరివీ దాదాపు ఒక్కలాంటివే. రెండు మూడు ప్రత్యేక విద్యలే తేడా. స్కార్పియన్, సబ్‌జీరో అనే ఇద్దరు ఒకే నటుడు. దుస్తుల రంగు మార్చి ఇద్దరిని చేశారు. ఆ రంగునే పచ్చగా మారిస్తే దాగి ఉన్న రెప్టైల్ అయ్యాడు.

పోరులో పస తక్కువైనప్పుడు గుర్తుండిపోయేది ఏమిటి? పోరు తర్వాత జరిగేదే.

గెలుపు తర్వాత వచ్చే ఆజ్ఞ

ఒకడు రెండు పట్లు గెలిచాడు. ఫలితం తేలిపోయింది. ఓడినవాడు చేతులెత్తే శక్తి కూడా లేక ఊగుతూ నిలబడి ఉంటాడు. అప్పుడు "వీణ్ణి ముగించు" అని ఒక గొంతు ఆజ్ఞాపిస్తుంది. కొద్ది క్షణాలే గడువు. రహస్యం తెలిసినవాడు మీటలు నొక్కితే ఓడినవాణ్ణి ఘోరంగా చంపే దృశ్యం వస్తుంది. దాన్ని ఇక్కడ వర్ణించనక్కరలేదు.

చచ్చిన పామును మళ్లీ చంపడం వీరత్వం కాదని మన పెద్దలు అంటారు. పోరు సాగుతున్నంతసేపు ఎదుటివాడు కూడా కొడతాడు. భయం ఉంది, నేర్పు ఉంది. ఈ చివరి ఘట్టంలో ఆ రెండూ లేవు. ఆట ఇచ్చే గొప్ప బహుమానం మాత్రం ఇక్కడే ఉంది. ఈ ఆటలోని అసలు దోషం రక్తం కన్నా ఇదే. గెలవడం చాలదు, నిస్సహాయుణ్ణి నాశనం చేస్తేనే మెప్పు అని అది నేర్పుతుంది.

విమర్శలు చెలరేగాక 1993లో పెట్టెల్లోకి వచ్చిన రెండవ భాగంలో ఒక వింత చేర్చారు. చంపడానికి బదులు స్నేహం చూపవచ్చు. ఒకడు తన ఫోటో మీద సంతకం చేసి ఇస్తాడు, ఒకడు నాట్యం చేస్తాడు. కాని ఆ స్నేహం చూపాలంటే చివరి పట్టును ఒక్క గుద్దు కూడా వాడకుండా గెలవాలి. అంటే చంపడం తేలిక, చంపకుండా వదలడం కష్టం. 1995లో వచ్చిన మూడవ భాగంలో "కనికరం" అనే పేరుతోనే ఒక వీలు కల్పించారు. ఓడినవానికి కొంచెం ప్రాణం పోసి మళ్లీ పోరాడనివ్వవచ్చు. వినడానికి బాగుంది. అయితే అదే ఆటలో మృగంగా మారి శత్రువును చంపే దృశ్యం కావాలంటే ముందుగా ఆ కనికరం చూపి తీరాలి. కనికరాన్ని కూడా చంపడానికి మెట్టుగా మార్చారు!

చట్టం ఎంతవరకు కాపాడింది?

1993 సెప్టెంబరు 13న ఈ ఆట ఇళ్లలో ఆడుకునే యంత్రాలకు వచ్చింది. నింటెండో సంస్థ రక్తాన్ని తీసివేయించింది. సెగా సంస్థ యంత్రంలోనూ పైకి రక్తం కనబడదు, కాని రహస్య మీటల వరుస నొక్కితే వస్తుంది. ఆ వరుస పిల్లల నోటినోటా పాకిపోయింది. ఎక్కువగా అమ్ముడుపోయింది సెగా ఆటే. ఆ డిసెంబరులో సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ ఇలాంటి ఆటలపై అమెరికా సెనేట్‌లో విచారణ జరిపారు. ఫలితంగా 1994లో ఆటల పరిశ్రమే ఒక మండలిని ఏర్పరచి, ఏ ఆట ఏ వయసువారికో పెట్టె మీద ముద్రించే పద్ధతి తెచ్చింది. పిల్లలకు హింసాత్మకమైన ఆటలు అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చేసిన చట్టాన్ని మాత్రం అమెరికా సుప్రీం కోర్టు 2011లో కొట్టివేసింది. పుస్తకాలకున్న స్వేచ్ఛే ఆటలకూ ఉందని చెప్పింది.

మరి శాస్త్రజ్ఞులు ఏమంటున్నారు? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో తన మాటను స్పష్టం చేసింది. ఇలాంటి ఆటలకూ, కేకలు వేయడం, తోయడం వంటి దుడుకుతనానికీ చిన్నపాటి సంబంధం ఉంది. ఘోరమైన హింసకు ఈ ఆటలే కారణమనడానికి చాలినంత ఆధారం లేదు. కాబట్టి "ఇది ఆడితే హంతకుడవవుతావు" అని పిల్లవాణ్ణి బెదిరించవద్దు. అది నిజం కాదని అతనికి తెలుసు. ఒక అబద్ధం దొరికితే మన మిగతా మాటలు కూడా నమ్మడు.

ఇంట్లో చేయదగినవి

ఫోనులో ఆట దించుకునే చోట వయసు సూచన ఉంటుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకె చదవవచ్చు. 17 అనో 18 అనో ఉంటే అది పదేళ్లవానికి కాదు. పిల్లవాడు ఇప్పటికే ఆడుతుంటే ఫోను లాక్కునే ముందు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. "ఇదెలా ఆడాలో నాకు చెప్పు నాయనా" అనండి. పిల్లలు తమకు తెలిసినది పెద్దలకు నేర్పడానికి ఎంతో ఇష్టపడతారు.

తోడు, మెప్పు, నేర్చుకోవలసిన గుట్టు వేరొక చోట దొరికేలా చూడండి. కబడ్డీలో ఉన్నాయి, వాలీబాల్‌లో ఉన్నాయి, చదరంగంలోనూ ఉన్నాయి. ఖాళీ చేతికి ఫోను ఒక్కటే దిక్కయితే తప్పు పూర్తిగా పిల్లవానిది కాదు.

ఆ చివరి ఘట్టం తెర మీదికి వచ్చినప్పుడు కోపపడకుండా ఒక్క ప్రశ్న వేయండి: "వాడు ఓడిపోయాడు కదా, ఇంకా ఎందుకు?" జవాబు వెంటనే రాకపోవచ్చు. తొందరపెట్టకండి. ఆ ప్రశ్నను ఆ ఆట తనంతట తాను ఎన్నడూ అడగదు. ఇంట్లో ఎవరో ఒకరు అడగాలి.