లంకెబిందెలు లేని వేట

ఆదివారమనేది నెలజీతం మీద బ్రతికే ఇళ్ళలో ఒక చిత్రమైన రోజు. శనివారం సాయంత్రం దాకా దాని కోసం ఎదురుచూస్తాము. తీరా వచ్చిన తరువాత దానిని ఏమి చేసుకోవాలో తోచదు. ఇంటి యజమాని పేపరుతోను, గృహిణి వారమంతా పేరుకున్న బట్టలతోను, పిల్లలు సెల్‌ఫోనుతోను తలా ఒక మూల చేరితే, మధ్యాహ్నం భోజనం వేళకు గాని అందరి ముఖాలూ ఒకచోట కనిపించవు. పోనీ, ఎక్కడికైనా వెళ్ళి వద్దామా అంటే మా గిల్లేసూగూరు నుంచి వెళ్ళదగిన చోట్లు వ్రేళ్ళ మీద లెక్కించవచ్చు. తుంగభద్ర దాటితే మంత్రాలయం. ఇవతలి ఒడ్డున గాణదాళు పంచముఖి ఆంజనేయస్వామి. రాయచూరు వెళితే కోట, బజారు, సినిమా. దైవదర్శనం ఎన్నిసార్లు చేసినా మంచిదే. కాని వెళ్ళిన చోటికే పదిసార్లు వెళ్ళినప్పుడు పెద్దలకు కలిగే తృప్తి పిల్లలకు కలగమంటే కలుగుతుందా? బస్సు దిగీ దిగకముందే "ఇంటికి ఎప్పుడు వెళదాం?" అంటారు.

ఇటువంటి ఆదివారాలకు పనికివచ్చే ఒక ఆటను గురించి ఈ నెల పాఠకులకు మనవి చేయదలచాము. దాని పేరు జియోక్యాషింగ్. పేరు కొత్తదే గాని ఆట పాతదే. ఒకరు దాచాలి, మరొకరు వెదకాలి. మన దాగుడుమూతలలో మనిషి దాక్కుంటాడు, ఇందులో ఒక పెట్టె దాక్కుంటుంది. ముఖ్యమైన భేదం అంతే.

ఈ ఆట పుట్టిన వైనం కొంచెం చెప్పుకోవాలి. భూమి చుట్టూ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాలు కొన్ని వున్నవి. వాటిలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనమున్న చోటు ఎక్కడో లెక్క కట్టవచ్చు. జి.పి.ఎస్. అనేది ఇదే. ఇది మొదట సైన్యం కోసం ఏర్పడినది గనుక, సామాన్యులకు అందే సంకేతాలలో కావాలనే కొంత తప్పు కలిపి వుంచేవారు. 2000వ సంవత్సరం మే నెల మొదటి రోజులలో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తరువుతో ఆ తప్పును తీసివేశారు. వెంటనే మే 3వ తేదీన ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్లని బకెట్టులో పుస్తకాలు, కొద్దిగా డబ్బు, ఒక చిక్కుడు గింజల డబ్బా మొదలైనవి పెట్టి దాచాడు. దాని అక్షాంశ రేఖాంశాలను నలుగురికీ తెలియజేశాడు. దొరికినవారు ఒక వస్తువు తీసుకొని, బదులుగా మరొకటి పెట్టి, పుస్తకంలో తమ పేరు వ్రాయాలన్నది నియమం. మూడు రోజులలో ఇద్దరు దానిని కనుగొన్నారు. నెల తిరగకముందే మాట్ స్టమ్ అనే ఆయన ఈ ఆటకు ఇప్పటి పేరు సూచించాడు. ఆ సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దీనికొక వెబ్‌సైటు తెరిచాడు. ఈనాడు లోకమంతటా ముప్ఫై లక్షలకు పైగా ఇటువంటి పెట్టెలు దాగి వున్నవి.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. బడిలో మనం బట్టీ పట్టిన భూగోళమే చాలు. ఒక అక్షాంశ డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీకి 60 నిమిషాలు గనుక ఒక నిమిషమంటే సుమారు 1.85 కిలోమీటర్లు. ఆ నిమిషాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం రెండు మీటర్లకు కొంచెం తక్కువ, అనగా రెండు పెద్ద అంగలు. మా ఊరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువగా, 77 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి వున్నది. ఈ సంగతి తెలిసిన నాడు మా అబ్బాయి పెరట్లో ఫోను పట్టుకొని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, అంకెలు మారడం చూసి, "నాన్నా, మనింటి బావి దగ్గర ఒక నంబరు, పశువుల కొట్టం దగ్గర ఒక నంబరు!" అని కేక వేశాడు. పరీక్షలో రెండు మార్కులకు తప్ప పనికిరాదనుకున్న పాఠం ఆ పూట కాళ్ళ క్రిందికి వచ్చినది.

అయితే ఫోను మనిషిని పెట్టె దాకా తీసుకొని వెళ్ళదు. ఆరుబయట కొన్ని మీటర్లు, చెట్ల క్రింద అంతకంటె ఎక్కువ తేడా చూపడం దానికి సహజం. చోటు దగ్గర పడిన తరువాత ఫోను జేబులో పెట్టి కళ్ళకు పని చెప్పాలి. ఏ రాయి క్రొత్తగా జరిగినట్లున్నది? ఏ తొర్రకు ఎండుటాకులు మరీ పొందికగా అడ్డుపెట్టినట్లున్నవి? ఫోను చూస్తూ బయలుదేరిన పిల్లలు ఫోనును మరచిపోవడంతో ఆట ముగుస్తుంది. మాకు ఇందులో నచ్చిన మొదటి గుణం ఇదే.

గిల్లేసూగూరు వంటి పల్లెలలో ఎవరో వచ్చి పెట్టెలు దాచిపెడతారని కూర్చుంటే లాభం లేదు. అందుచేత మేము ఇంటిలోనే రెండు జట్లు కట్టుకున్నాము. ఒక వారం మేమూ మా అమ్మాయీ దాస్తాము, మా ఆవిడా అబ్బాయీ వెదకుతారు. మరుసటి వారం అటుదిటు. గట్టిగా మూతపడే పెట్టె ఒకటి, చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. వానకు సిరా కరిగిపోతుంది గనుక పెన్సిలే ఉత్తమం. లోపల గోళీలు, రిబ్బను, రబ్బరు ముక్క వంటి చిల్లర వస్తువులు. తినుబండారాలు మాత్రం పెట్టరాదు. పిల్లలకంటె ముందు చీమలూ ఎలుకలూ కనుగొంటాయి. తినవలసినవి చేతిసంచిలో వుంటాయి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, మా అమ్మ కలిపిచ్చిన పెరుగన్నం. రాయచూరు ఎండలు అందరికీ తెలిసినవే గనుక తెల్లవారగానే బయలుదేరి తొమ్మిది గంటలకల్లా ఏదైనా చెట్టునీడకు చేరుకుంటాము.

ఇంతవరకు ఇది ఒక కాలక్షేపం. మాకు ఇది కాలక్షేపం కంటె ఎక్కువైనది మా అమ్మ వల్ల.

మనవంటి కుటుంబాలలో పిల్లల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో కన్నడం, ఇంగ్లీషు. తెలుగు ధారాళంగా మాట్లాడతారు గాని చదవరు. "ఇక్కడ వున్నవాళ్ళకు దానితో పనేమిటి?" అని అడిగేవారున్నారు. ప్రశ్న సబబే. ఉద్యోగానికి అక్కరకు రాదు, బస్సు మీద పేరు కన్నడంలో వుంటుంది. మేమూ చాలకాలం దానికి సరియైన జవాబు చెప్పలేదు. జవాబు మా అమ్మ పెట్టె అడుగున వున్నది.

1982లో మా నాన్నగారు కోస్తా నుంచి ఒంటరిగా ఈ ప్రాంతానికి వచ్చి భూమి చేసుకున్నారు. తుంగభద్ర డాము 1953లో నీళ్ళు పట్టినది మొదలు రాయచూరు జిల్లాకు ఇట్లా వచ్చి స్థిరపడిన రైతులు చాలమంది వున్నారు. వారి నివాసాలను నేటికీ క్యాంపులనే అంటారు. సంసారాన్ని తెచ్చుకునే దాకా ఆయన అమ్మకు ఉత్తరాలు వ్రాసేవారు. ఆయన పోయిన తరువాత అమ్మ ఆ కట్టను తన చీరల క్రింద దాచుకున్నది. ఇప్పుడామెకు చూపు మందగించినది. మా తరం దాటితే ఆ కట్ట విప్పి చదివేవారు ఇంట్లో వుండరు.

ఒక శనివారం రాత్రి అమ్మ, "ఈసారి పెట్టె నేను దాస్తాను, ఆనవాలు కూడ నేనే వ్రాస్తాను" అన్నది. అంకెలు మేము ఫోనులో చూసి చెప్పాము. క్రింద ఆమె పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో ఇట్లా వ్రాసినది: "ఇది మనింటికి ముందున్న మన ఇల్లు. దీనికి గోడలు లేవు, కప్పు వున్నది. ఆ కప్పు ఏటేటా పూస్తుంది."

పిల్లలు కాగితం పట్టుకొని మా దగ్గరకు వచ్చారు. చదివి పెట్టేది లేదన్నాము. కన్నడం వచ్చినవారికి తెలుగు అక్షరాలలో చాలభాగం చుట్టాలే. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలు. క, త వంటివి కొన్ని మాత్రం తికమక పెడతాయి. ఆ కొన్నింటిని అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ నాయనమ్మ చేతనే గోడ మీద వ్రాయించుకొని, ముప్పావుగంట కుస్తీ పట్టి, మూడు వాక్యాలూ చదివారు. పూసే కప్పు ఏమిటో తేలడానికి మరి కొంతసేపు పట్టినది. పొలం గట్టున వున్న వేపచెట్టు! మా నాన్నగారు వచ్చిన కొత్తలో ఒక పట్టా కట్టుకొని కాపురమున్నది దాని క్రిందనే.

పెట్టెలో గోళీలు లేవు, రిబ్బను లేదు. ఒక ఇన్లాండు ఉత్తరం వున్నది. మా అబ్బాయి చెట్టు క్రింద కూర్చొని కూడబలుక్కుంటూ చదివాడు. నేల నల్లనిదనీ, కాలువ నీరు ఇంకా అందలేదనీ, రాత్రుళ్ళు చలిగా వున్నదనీ వున్నది. చివరను, పిల్లవానికి జ్వరం తగ్గినదా, వెంటనే జాబు వ్రాయవలసినదని వున్నది. "నాయనమ్మా, ఎవరా పిల్లవాడు?" అన్నాడు. ఆ పిల్లవాడు మేమే. మేము మాట్లాడలేకపోయాము, అమ్మ చెప్పినది. తరువాత అమ్మాయి, "ఇంకా ఎన్ని వున్నాయి?" అని అడిగినది. ఆ నాటి నుంచి ప్రతి నెలా ఒక పెట్టెలో ఒక ఉత్తరం వుంటున్నది. తెలుగు ఎందుకని మా ఇంట్లో ఇప్పుడెవ్వరూ అడగరు.

పిల్లలకు చదవడం అలవాటైన తరువాత రాయచూరు కోటకు తీసుకొని వెళ్ళాము. సినిమాకు పోతూ ఎన్నోసార్లు దాని ప్రక్కగా వెళ్ళినవారే. ఆ కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవైన ఒకే రాయి వున్నది. దాని మీద 1294వ సంవత్సరపు శాసనం చెక్కబడి వున్నది. గోన గన్నారెడ్డి తరఫున విఠలనాథుడు కోట కట్టించిన సంగతి చెప్పే ఆ శాసనం తెలుగులో వున్నది! ఆ కాలపు లిపి నేటివారు గడగడ చదవగలిగినది కాదు. అయినా పిల్లలు ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటూ అరగంట నిలబడ్డారు. ఇక్కడ మన భాష నిన్న మొన్న మూటాముల్లెతో వచ్చినది కాదని వారికి మేము ఉపన్యసించవలసిన అవసరం కలగలేదు. అంతటి రాయిని పశువులను కట్టిన బండి మీద ఎట్లా తెచ్చారో బొమ్మగా కూడ చెక్కారు. ఆ పశువులెన్ని? జవాబు ఇక్కడ చెప్పము. చూడనివారు వెళ్ళి లెక్కించి రావాలి. ఈ ఆటలో పెట్టె లేకుండా ఇట్లా ప్రశ్నకు జవాబు తెచ్చే పద్ధతి కూడ వున్నది. పురాతన కట్టడాలలో అదే మంచిది. అక్కడ దేనినీ దాచరాదు, దేనినీ కదల్చరాదు.

మన జిల్లాలోనే దీనికి మించిన వేట ఒకటి జరిగినది. 1915లో సి. బీడన్ అనే గనుల ఇంజనీరు బంగారం కోసం మస్కి ప్రాంతంలో తిరుగుతూ కొండరాతి మీద ఏవో వ్రాతలు చూశాడు. అవి అశోకుని శాసనం. అంతకు ముందు దొరికిన శాసనాలలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే గాని అశోకుడన్న పేరు కనబడలేదు. ఆ పేరు మస్కి రాతి మీద దొరికినది. రెండువేల ఏళ్ళకు పైగా ఆ రాయి ఎండలో, వానలో, పశుల కాపరుల కళ్ళ ఎదుటనే వున్నది. చదివేవాడు వచ్చిన నాడు గదా అది నిక్షేపమైనది!

ఇక కొన్ని జాగ్రత్తలు. నేల తవ్వి పెట్టె పాతడం ఈ ఆట నియమాలకే విరుద్ధం. మన పల్లెలలో అది మరీ ప్రమాదం. పాత గుడి దగ్గరో, కోట దగ్గరో గునపంతో కనిపించిన మనిషి లంకెబిందెల కోసం వచ్చాడని ఊరంతా పోగవుతుంది. నిజంగా లంకెబిందెలే దొరికినా అవి మనవి కావు. చట్టం ప్రకారం నిక్షేపం దొరికితే ప్రభుత్వ అధికారులకు తెలియజేయాలి. పెట్టె లోపలి వస్తువులు బయటికి కనిపించేటట్లుండాలి. దాని మీద ఇది ఆటవస్తువని కన్నడంలోను, తెలుగులోను వ్రాయాలి. లేకపోతే చూసినవారు ఏ బాంబో అని భయపడతారు. పొలమైతే ఆసామి అనుమతి తీసుకోవాలి. రాళ్ళ సందులలో చేయి పెట్టేముందు కర్రతో కదిలించాలి. మన నల్లరేగడి పొలాలలో పాములకు కొదువ లేదు. కాలువ గట్టు మీద, బ్రిడ్జి క్రింద పిల్లల కోసం ఎన్నడూ దాచరాదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో కనిపించిన చెత్త ఒక సంచెడు ఏరి తేవడం ఆటగాళ్ళు 2002 నుంచి పాటిస్తున్న మంచి ఆచారం.

కార్తికమాసం వస్తున్నది. వనభోజనాలకు ఉసిరిచెట్టు, వంటవాళ్ళు, షామియానా ఎట్లాగూ చూసుకుంటాము. దానితోపాటు ఒక అయిదు పెట్టెలు కూడ సిద్ధం చేసుకుందామని సభ్యులకు మా సూచన. ప్రతి ఇంటి నుంచి ఒక పెద్దవారు తమ చేతివ్రాతతో తెలుగులో ఒక ఆనవాలు వ్రాసి తేవాలి. పిల్లలకు ఎవ్వరూ చదివి పెట్టరాదు. భోజనం కొంచెం ఆలస్యమైతే కావచ్చు గాక, ఆకలి మీద అక్షరాలు త్వరగా వస్తాయి.