ఆకాశ్‌నగర్ గడియారం

విశాఖ నుంచి వెళ్లే ప్యాసింజర్‌లో కిరండూల్‌కు ముందు స్టేషన్ బచేలి. దారిలో ఎదురొచ్చే గూడ్సు బండ్లలో ఎక్కువగా ఉండేది ఈ బైలాడిలా కొండే, ముక్కలుగా. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. ఇనుప ఖనిజం గని ఇక్కడ, దాన్ని తవ్వే ఎన్‌ఎండీసీ పెద్దాఫీసు హైదరాబాద్‌లో. అందుకే క్వార్టర్ల వైపు తెలుగు వినబడితే ఎవరూ తలతిప్పి చూడరు. ఊరికి పైన, గని పక్కన, ఆకాశ్‌నగర్.

కింద బజార్లో ఒక అణు గడియారం, ఆకాశ్‌నగర్‌లో అలాంటిదే ఇంకొకటి పెట్టారనుకోండి. ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ రోజుకు దాదాపు ఒక నానోసెకను చొప్పున పైది ముందుకు పోతుంది. చెడిపోయి కాదు. ఎవరి గడియారం వాళ్లకు సరైనదేనని ఐన్‌స్టీన్ సిద్ధాంతం. 1960లో పౌండ్, రెబ్కా హార్వర్డ్‌లోని 22.5 మీటర్ల టవర్‌లోనే ఈ తేడాను పట్టుకున్నారు. పట్టిచ్చింది ఇనుమే: ఐరన్-57 కేంద్రకం వదిలే గామా కిరణం. బచేలి వ్యాగన్‌లోని ప్రతి వంద ఇనుప పరమాణువుల్లో రెండు ఆ రకానివే.

క్వాంటం క్షేత్రాల దగ్గరికొస్తే తేడా గడియారంతో ఆగదు. నిలకడగా ఉన్నవాడికి ఖాళీగా కనిపించే శూన్యమే, ఆగకుండా వేగం పెంచుకుంటూ పోయేవాడికి వెచ్చగా తగులుతుందని 1976లో విలియం అన్రూ చూపించాడు. ఒకరి పరికరంలో పడే కణాలు ఇంకొకరి లెక్కలో లేవు. సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల త్వరణంతో దూసుకుపోయే రాకెట్‌లో ఆ వెచ్చదనం ఎంతంటే, ఒక డిగ్రీని కోటి కోటి కోట్ల భాగాలు చేస్తే అందులో నలభై.

మనసు చూస్తేనే విశ్వం ఉంటుందని దీన్ని వేదాంతంలోకి లాగేవాళ్లంటే నాకు విసుగు. 2022లో చంద్రశేఖరన్, లాంగో, పెనింగ్టన్, విట్టెన్ విస్తరించే డిసిట్టర్ విశ్వానికి ఒక లెక్క కట్టారు. చూసేవాణ్ణి బయట నిలబెడితే అందులో ఎంట్రోపీకి అర్థమే కుదరదు. లోపలికి రానిస్తే కుదురుతుంది. అతడికి కళ్లు, బుద్ధి అక్కర్లేదు. ఒక గడియారం, దాన్ని నడిపే శక్తి చాలు. శక్తి ఉన్నచోట గురుత్వం ఉంటుంది కాబట్టి చూసేవాడూ తూకంలోకి వస్తాడు.

ఆకాశ్‌నగర్ నుంచి షిఫ్ట్ బస్సు దిగింది. అందులోంచి దిగినవాళ్లు ఇంట్లోవాళ్ల కంటే నానోసెకన్ల లెక్కన కాస్త పెద్దవాళ్లయి, టిఫిన్ క్యారేజీలు ఊపుకుంటూ క్వార్టర్ల వైపు నడుస్తున్నారు.